సీరియల్ పోర్ట్ అప్పుడప్పుడూ మొరాయిస్తుంటే: ప్రయోగశాల పరికరాన్ని గాడిలో పెట్టడం ఎలా?

సీరియల్ పోర్ట్ (బైట్లను బిట్ వెంట బిట్‌గా పంపే కనెక్షన్) మీద కంప్యూటర్‌తో అసలే మాట్లాడని పరికరంతో పెద్ద చిక్కు లేదు. తీగలోనో సెట్టింగులోనో తప్పు ఉంటుంది, కాసేపట్లో తేలిపోతుంది. మనిషిని విసిగించేది ఉదయమంతా చక్కగా పనిచేసి మధ్యాహ్నం మౌనం పట్టే పరికరం. వంద రీడింగుల్లో రెండో మూడో మింగేసే పరికరం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది 128.4 రావలసిన చోట 28.4 ఇచ్చేది, ప్రోగ్రాం కూడా దాన్నే నమ్మి ఫైల్లో రాసుకునేది. రీడింగు రాకపోతే మళ్లీ తీసుకోవచ్చు. తప్పుడు రీడింగు ఫలితాల పట్టికలో చేరిపోయాక దాన్ని వెతికి తీయడం దాదాపు అసాధ్యం. ఈ పనిని ఓపికగా, వరుస తప్పకుండా చేయమని అడిగేది అందుకే.

సీరియల్ లోపం ఎంత ఇష్టారాజ్యంగా కనిపించినా దాని వెనుక ఒక క్రమం ఉంటుంది. ఫలానా అంకె వచ్చినప్పుడే తప్పుతుంది, పక్కన మోటారు తిరిగినప్పుడే తప్పుతుంది, జవాబు కొంత ఆలస్యమైతేనే తప్పుతుంది. ఆ క్రమం దొరికితే సగం పని అయినట్టే. దొరకకముందే కోడ్‌లో ఒకచోట అర సెకను ఆగమనీ, మరోచోట మూడుసార్లు ప్రయత్నించమనీ రాయడం మొదలుపెడితే లోపం పోదు, దాక్కుంటుంది.

కింది నుంచి పైకి వెళ్లండి: తీగ, వోల్టేజి, సెట్టింగులు, హ్యాండ్‌షేక్ (పంపవచ్చా, ఆగాలా అని రెండు వైపులా చెప్పుకునే ఏర్పాటు), యూఎస్‌బీ కన్వర్టర్, చివరగా ప్రోగ్రాం. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిదీ, ఫలితంతో సహా, నోటుబుక్కులో రాయండి.

ముందు లక్షణాన్ని గుర్తించండి

లోపం ప్రధానంగా నాలుగు రూపాల్లో వస్తుంది. ఏ జవాబూ రాకపోతే తీగనో, హ్యాండ్‌షేక్‌నో, పోర్టును ముందే పట్టుకు కూర్చున్న వేరే ప్రోగ్రాంనో అనుమానించాలి. చెత్త అక్షరాలు వస్తే బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లన్న వేగం), పారిటీ (తప్పు పట్టేందుకు ప్రతి అక్షరానికీ చేర్చే అదనపు బిట్), విద్యుత్ నాయిస్ వైపు చూడాలి. జవాబు సగమే వస్తే తప్పు చాలావరకు చదివే కోడ్‌లోనే ఉంటుంది. నాలుగోది పాత జవాబు రావడం. ఇప్పుడు అడిగినదానికి కాక, ఇంతకుముందు అడిగినదానికి పరికరం బదులిచ్చినట్టు ఉంటుంది. కంటికి అంతా సరిగ్గానే ఉంటుంది కనుక దీన్ని చాలామంది గుర్తించరు. దీని సంగతి చివర్లో వివరంగా చూద్దాం.

ఇవన్నీ పోల్చుకోవాలంటే మీ ప్రోగ్రాం చూపించే అంకెలు చాలవు, తీగ మీద నడిచిన బైట్లే కనిపించాలి. విండోస్‌లో రియల్‌టర్మ్ వంటి టెర్మినల్ ప్రోగ్రాం ప్రతి బైట్‌నూ సంఖ్యగా చూపిస్తుంది. టెరా టర్మ్, పుట్టీ కూడా పనికొస్తాయి గాని, కనిపించని అక్షరాలను చూడాలంటే సంఖ్యల రూపమే మేలు. మీ ప్రోగ్రాంలోనూ పంపిన ప్రతి బైట్‌నూ, వచ్చిన ప్రతి బైట్‌నూ మిల్లీసెకన్ల సమయంతో లాగ్ ఫైల్లో రాసే ఏర్పాటు ఇప్పుడే చేయండి. ఇకపై చెప్పే ప్రతి మెట్టులోనూ ఆ లాగే మీకు సాక్ష్యం.

తీగను మల్టీమీటర్‌తో పరీక్షించండి

ఆర్‌ఎస్-232 అనే సీరియల్ ప్రమాణంలో డేటా తీగ మీద తర్కం 1 అంటే రుణ వోల్టేజి, తర్కం 0 అంటే ధన వోల్టేజి. స్వీకరించే వైపు -3 నుంచి -15 వోల్టుల వరకు 1గా, +3 నుంచి +15 వరకు 0గా పరిగణిస్తారు. మధ్యలో ఉన్న ఆరు వోల్టుల మేర ఎవరికీ చెందదు. ఏ డేటా నడవనప్పుడు పంపే పిన్ రుణ వోల్టేజి వద్ద నిలిచి ఉంటుంది. మామూలు మల్టీమీటర్‌తో సగం సమస్యలు తేలేది ఈ ఒక్క విషయం వల్లే.

తీగను రెండు వైపులా విప్పండి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను పరికరం కనెక్టర్ 5వ పిన్‌కు (తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో గ్రౌండ్ అదే) ఆనించండి. ఎర్ర ప్రోబ్‌తో ముందు 2వ పిన్, తర్వాత 3వ పిన్ చూడండి. -5 నుంచి -12 వోల్టుల మధ్య ఏది చూపిస్తే పరికరం మాట్లాడే పిన్ అదే. సున్నా దగ్గర ఊగిసలాడేది వినే పిన్. కంప్యూటర్ వైపు కూడా ఇలాగే చూడండి, అక్కడ సాధారణంగా 3వ పిన్ మాట్లాడుతుంది. పరికరం 2వ పిన్ మీద మాట్లాడుతుంటే నేరు కేబుల్ కావాలి. అది కూడా 3వ పిన్ మీదే మాట్లాడుతుంటే 2, 3 తారుమారైన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. మాన్యువల్ దొరకని పాత పరికరాలకు ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి లేదు. ఇరవై అయిదు పిన్నుల కనెక్టరైతే గ్రౌండ్ 7వ పిన్ అని, కంప్యూటర్ వర్గపు పరికరాల్లో పంపేది 2, వినేది 3 అని గుర్తుంచుకోండి. పాత పరికరానికి కొత్త కేబుల్ చేయించేటప్పుడు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇప్పుడు తీగ కలిపి మళ్లీ కొలవండి. విడిగా -9 చూపించిన పిన్ తీగ కలపగానే -2కు పడిపోతే, రెండు మాట్లాడే పిన్నులు ఒకదానికొకటి తగులుతున్నాయని గాని, సంకేతం పంపే డ్రైవర్ చిప్ దెబ్బతిన్నదని గాని అర్థం. నిశ్చల స్థితిలో -3.5 దగ్గర నిలిచే లైన్ మీద ఓ కన్నేసి ఉంచండి. అది పనిచేస్తుంది, కానీ పక్కన ఏ హీటరో ఆన్ అయినప్పుడు ఒక బిట్ తప్పుతుంది. ‘అప్పుడప్పుడూ’ వచ్చే లోపాలకు ఇలాంటి అంచు వోల్టేజిలు పెద్ద మూలం.

కనెక్టర్ల మరలు బిగించారా? ఇది చిన్న మాటే గాని, రెండు మూడు అడాప్టర్లు గొలుసుగా తగిలించి, మరల్లేకుండా బరువుకు వేలాడుతున్న కేబుళ్లు ఎన్ని ల్యాబుల్లో ఉంటాయో లెక్కలేదు. డేటా నడుస్తుండగా కేబుల్‌ను రెండు చివర్ల దగ్గరా మెల్లగా కదిలించి లాగ్ చూడండి. లోపం వస్తే అడాప్టర్లన్నీ తీసేసి, సరైన చివర్లున్న ఒకే కేబుల్ చేయించండి. అతికించి నెట్టుకురావద్దు.

పొడవు విషయంలో 15 మీటర్లు పాత ఆనవాయితీ. అసలు పరిమితి కేబుల్ కెపాసిటెన్స్, సుమారు 2500 పికోఫారడ్లు. తక్కువ కెపాసిటెన్స్ కేబుల్‌తో, తక్కువ వేగంతో అంతకన్నా దూరం కూడా వెళ్లవచ్చు. ఇంకా చాలా దూరమైతే ఆర్‌ఎస్-485కు మారడమే మంచిది.

లూప్‌బ్యాక్‌తో సగం దారి మూసేయండి

లూప్‌బ్యాక్ అంటే పంపినదాన్ని పంపినచోటికే తిప్పి రప్పించడం. పరికరం వైపు కేబుల్ విప్పి, ఆ చివర 2, 3 పిన్నులను చిన్న తీగతో కలపండి. టెర్మినల్‌లో హ్యాండ్‌షేక్‌ను, లోకల్ ఎకోను (టైపు చేసినదాన్ని టెర్మినలే తెర మీద చూపడాన్ని) ఆపి, ఏదైనా టైపు చేయండి. మీరు కొట్టిన అక్షరమే తిరిగొస్తే పోర్ట్, డ్రైవర్, కేబుల్ పనిచేస్తున్నట్టు. చేత్తో పది అక్షరాలు కొట్టి వదిలేయకండి. చిన్న స్క్రిప్టుతో 0 నుంచి 255 వరకు బైట్లన్నీ వేల సార్లు పంపించి, పంపింది వచ్చినదానితో సరిపోతోందో లేదో పోల్చండి. ఒక్క బైట్ తప్పినా పరికరం దగ్గరికి వెళ్లే ముందే దాని సంగతి తేల్చుకోవాలి.

ఈ పరీక్ష చెప్పలేనివి రెండున్నాయి. పంపేదీ వినేదీ ఒకే గడియారం కాబట్టి బాడ్ రేటు తేడా ఇందులో బయటపడదు. గ్రౌండ్ తీగ తెగినా ఇది నెగ్గుతుంది. కాబట్టి 5వ పిన్ ఒక చివర నుంచి మరో చివరకు కలిసి ఉందో లేదో ఓమ్స్ మీద విడిగా చూసుకోండి.

సెట్టింగులు: కొన్ని అంకెలను మాత్రమే పాడుచేసే లోపం

బాడ్ రేటు పూర్తిగా తప్పైతే మొదటి అక్షరంలోనే తెలిసిపోతుంది. మోసం చేసేది పారిటీ. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ (ఒకట్ల మొత్తం సరి సంఖ్య అయ్యేలా చూసేది), 1 స్టాప్ బిట్‌తో (అక్షరం ముగిసిందని చెప్పేది) పంపే డిజిటల్ త్రాసును మీరు 8 డేటా బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నారనుకోండి. స్టార్ట్ బిట్ కలుపుకొంటే రెండు పద్ధతుల్లోనూ అక్షరానికి పది బిట్లే. కనుక ఫ్రేమింగ్ లోపం (అక్షరం హద్దులు కుదరకపోవడం) రాదు, కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. కానీ పారిటీ బిట్ కాస్తా ఎనిమిదో డేటా బిట్‌గా లెక్కలో చేరుతుంది. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీలో 0 అంకె కోడ్ 48. బైనరీలో రాస్తే అందులో రెండు ఒకట్లు ఉంటాయి, అది సరి సంఖ్య, పారిటీ బిట్ సున్నా. అక్షరం చెక్కుచెదరకుండా వస్తుంది. 1 అంకె కోడ్ 49. అందులో మూడు ఒకట్లు, కాబట్టి పారిటీ బిట్ 1 అవుతుంది. దాని విలువ 128 కలిసి మీకు 177 అందుతుంది. ఇలా పదింటికీ లెక్క కడితే 0, 3, 5, 6, 9 క్షేమంగా వస్తాయి. 1, 2, 4, 7, 8 చెడిపోతాయి. చుక్క, ప్లస్, మైనస్ గుర్తులు కూడా క్షేమమే.

దీని పర్యవసానం గమనించండి. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు 0.000 నిక్షేపంగా వస్తుంది. 5.390 కూడా సరిగ్గానే వస్తుంది. 12.48 వచ్చేసరికి అంతా గల్లంతు. బయటినుంచి చూసేవారికి ఇది కేబుల్ లోపంలా, నాయిస్‌లా అనిపిస్తుంది. పైగా చదవలేని అక్షరాలను ప్రోగ్రాం నిశ్శబ్దంగా వదిలేసే పక్షంలో 128.4 నుంచి మిగిలేది ఒక చుక్క మాత్రమే, 153.6 నుంచి మిగిలేది 53.6. అది చూడటానికి అచ్చం నిజమైన రీడింగులాగే ఉంటుంది. ఇంకొకటి: వాక్యం (ఒక పూర్తి జవాబు) చివర ముగింపు గుర్తుగా వచ్చే క్యారేజ్ రిటర్న్ కోడ్ 13. అందులో మూడు ఒకట్లు, కనుక 141గా మారుతుంది. 13 కోసం ఎదురుచూసే ప్రోగ్రాం ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. లైన్ ఫీడ్ కోడ్ 10 మాత్రం మారదు.

లాగ్‌లో 128కి పైబడిన సంఖ్యలు కనిపిస్తున్నాయా? వాటి నుంచి 128 తీసేసి చూడండి. అర్థవంతమైన అక్షరాలు వస్తే అది పారిటీ తప్పే, సందేహం అక్కర్లేదు. 1, 2, 4, 7, 8 చెడితే ఈవెన్. 0, 3, 5, 6, 9 చెడితే ఆడ్ (బేసి). సెట్టింగు సరిచేయండి. కోడ్‌లో 128 తీసేసి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే అలా చేస్తే నిజంగా బిట్ తప్పినప్పుడు పట్టించే ఏకైక రక్షణను మీరే పారేసినట్టవుతుంది.

బాడ్ రేటులో చిన్న తేడా మరో రకం చిక్కు. స్వీకరించే వైపు స్టార్ట్ బిట్ దగ్గర గడియారం సరిచేసుకుని స్టాప్ బిట్ మధ్య వరకు అదే అంచనాతో నడుస్తుంది. తొమ్మిదిన్నర బిట్ల ప్రయాణంలో అర బిట్ జారితే చాలు, అక్షరం చెడుతుంది. అంటే రెండు వైపుల తేడా కలిపి 5 శాతం దరిదాపుల్లోకి వస్తే ప్రమాదమే. 2 శాతం లోపు ఉంటే నిశ్చింత. వేడెక్కే కొద్దీ గడియారం జారే పరికరాలు ఉదయం బాగుండి మధ్యాహ్నం తప్పడం ఇందువల్లే. ఇక్కడ బాడ్ రేటు తగ్గించినంత మాత్రాన మేలు జరగదు, శాతం తేడా అలాగే ఉంటుంది. కేబుల్, నాయిస్, బఫర్ (వచ్చిన బైట్లు తాత్కాలికంగా నిలిచే చోటు) సమస్యలకైతే తగ్గించడం మంచి పరీక్ష. 9600 వద్ద వచ్చే లోపం 1200 వద్ద పూర్తిగా మాయమైతే తీగ, నాయిస్, బఫర్ వైపు చూడండి, మాయం కాకపోతే మరోచోట వెతకండి.

వాక్యం ఎక్కడ ముగుస్తుంది?

కొన్ని పరికరాలు ఆదేశం చివర 13 మాత్రమే ఆశిస్తాయి, కొన్ని 10, కొన్ని రెండూ. జవాబులో పంపేది ఆశించేదానికి భిన్నంగా ఉండవచ్చు కూడా. రెండూ పంపితే పనైపోతుందని అనుకోకండి. 13 చూడగానే ఆదేశం అందుకుని పనిలో పడ్డ పరికరం, తర్వాత వచ్చిన 10ని తరువాతి ఆదేశం మొదటి అక్షరంగా పట్టుకుని, దాన్ని అర్థంకాని ఆదేశమని తిప్పికొట్టే సందర్భాలుంటాయి. అప్పుడు మొదటి ఆదేశం పనిచేస్తుంది, రెండోది చేయదు. మాన్యువల్‌లో ఈ పేజీ వెతికి చదవండి.

బైనరీ డేటా పంపే పరికరాలతో మరింత జాగ్రత్త అవసరం. పరికరాలను నడిపే ల్యాబ్‌వ్యూ సాఫ్ట్‌వేర్ సీరియల్ సెట్టింగుల్లో 10ని ముగింపు అక్షరంగా తీసుకోవడం ముందే ఆన్ అయి ఉంటుంది. బైనరీ తరంగరూపంలో ఏదో ఒక కొలత విలువ 10 అయిన క్షణాన చదవడం అక్కడే తెగిపోతుంది. సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌షేక్ ఆన్‌లో ఉంటే 17, 19 బైట్లు డేటాలోంచి మాయమవుతాయి. 19 వస్తే కంప్యూటర్ పంపడం ఆపేసి, 17 కోసం ఎదురుచూస్తుంది. లినక్స్‌లో పోర్టును రా మోడ్‌లోకి (బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఇచ్చే స్థితిలోకి) మార్చకపోతే 13 వచ్చినచోట 10 అందడం వంటి మార్పులు జరుగుతాయి. ఇవన్నీ డేటాను బట్టి వచ్చే లోపాలే. ఒకే నమూనాతో ఎన్నిసార్లు పరీక్షించినా బయటపడవు. కొలత విలువలు మారుతూ ఉండేలా పరీక్షించండి.

హ్యాండ్‌షేక్ లైన్లు

మూడు తీగలతో, అంటే పంపేది, వినేది, గ్రౌండ్‌తో, చాలా పరికరాలు సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోవు. ప్రయోగశాలల్లో విరివిగా కనిపించే 34401ఏ మల్టీమీటర్‌నే తీసుకోండి. అది ఫ్యాక్టరీ నుంచి జీపీఐబీ (మరో రకం పరికర కనెక్షన్) ఎంపికై వస్తుంది కాబట్టి ముందు మెనూలో ఆర్‌ఎస్-232కు మార్చాలి. దాని సీరియల్ సెట్టింగు 9600, 7 బిట్లు, ఈవెన్ పారిటీ. అది డీటీఆర్, డీఎస్ఆర్ లైన్లను (తాను సిద్ధమని చెప్పేది, అవతలివారు సిద్ధమా అని చూసేది) హ్యాండ్‌షేక్‌కు వాడుతుంది. మీ మూడు తీగల కేబుల్‌లో డీఎస్ఆర్ గాలిలో వేలాడుతుంటే, వినేవారు సిద్ధంగా లేరని భావించి అది జవాబును ఆపేస్తుంది. పైగా రిమోట్ స్థితిలోకి వెళ్లమని ముందుగా ఆదేశం ఇవ్వకపోతే కొలత ఆదేశాలను సరిగా అందుకోదు.

చేయవలసింది ఇది: మాన్యువల్‌లో హ్యాండ్‌షేక్ పేరు వెతకండి. ఆర్‌టీఎస్-సీటీఎస్ అయితే 7, 8 పిన్నులు, డీటీఆర్-డీఎస్ఆర్ అయితే 4, 6 పిన్నులు తీగలో నిజంగా ఉన్నాయో లేదో ఓమ్స్ మీద చూడండి. కంప్యూటర్ వైపు అదే పద్ధతిని ఎంచుకోండి. వేలాడే ఇన్‌పుట్ పిన్ చుట్టూ తేమను, పక్క తీగలను బట్టి ఒకసారి ‘సిద్ధం’గా, ఒకసారి ‘ఆగు’గా కనిపిస్తుంది. వివరణ దొరకని మౌనాలకు ఇది సాధారణ కారణం. హ్యాండ్‌షేక్ వద్దనుకుంటే పరికరంలో దాన్ని ఆపేయండి. ఆపే వీలు లేకపోతే ఆ ఇన్‌పుట్‌ను ధన వోల్టేజికి కట్టిపెట్టి, తక్కువ బాడ్ రేటు వాడండి.

యూఎస్‌బీ కన్వర్టర్

ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి సీరియల్ పోర్ట్ లేదు కాబట్టి కన్వర్టర్ తప్పదు. మంచి కన్వర్టర్ కొనండి, ఒకటి అదనంగా దగ్గరుంచుకోండి. అనుమానం వచ్చినప్పుడు వేరే చిప్ ఉన్న కన్వర్టర్‌తో మార్చి చూడటం ఒక నిమిషం పని. దాని మాట్లాడే పిన్ వోల్టేజిని పైన చెప్పినట్టే కొలవండి. రుణ వోల్టేజి కాకుండా +3.3 లేదా +5 నిలిచి ఉంటే అది ఆర్‌ఎస్-232 కన్వర్టరే కాదు, మైక్రోకంట్రోలర్ బోర్డుల కోసం చేసిన టీటీఎల్ రకం. దానికి ఆర్‌ఎస్-232 పరికరం తగిలిస్తే కన్వర్టర్ కాలిపోవచ్చు.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ హబ్బుల పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపేసే అనుమతిని తీసేయండి. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా ఆపండి. కాసేపు ఖాళీగా ఉన్నాక మొదటి ఆదేశం మాత్రమే పోతోందంటే చాలాసార్లు కారణం ఇదే. కంప్యూటర్ నిద్రలోకి వెళ్లకుండా కూడా చూడండి. రాత్రంతా నడిచే కొలతలు తెల్లవారుజామున ఆగిపోయే కథ ఇక్కడే మొదలవుతుంది.

కన్వర్టర్‌ను వేరే యూఎస్‌బీ సాకెట్‌లో పెడితే పోర్ట్ నంబరు మారిపోవచ్చు. సొంత సీరియల్ నంబరు లేని చిప్పులతో ఇది తప్పదు. రెండు ఒకేలాంటి కన్వర్టర్లున్న చోట త్రాసు ఆదేశాలు పంపుకు, పంపు ఆదేశాలు త్రాసుకు వెళ్లే ప్రమాదం ఉంది. సీరియల్ నంబరున్న చిప్పులు వాడండి. లినక్స్‌లో పోర్ట్ క్రమసంఖ్యతో కాక, చిప్ గుర్తింపుతో వచ్చే స్థిరమైన పేరుతో తెరవండి. ప్రోగ్రాం మొదలవగానే పరికరం గుర్తింపు అడిగి, అది అనుకున్న పరికరమేనని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఈ ఒక్క తనిఖీ లేకుండా ఏ హీటరుకూ, ఏ పంపుకూ ఆదేశం పంపవద్దు.

ఎఫ్‌టీడీఐ సంస్థ కన్వర్టర్ చిప్పుల్లో లేటెన్సీ టైమర్ అనే సెట్టింగు మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది. చిన్న జవాబులు అంతసేపు చిప్‌లోనే ఆగుతాయి. మీ టైమౌట్ (జవాబు కోసం ఎదురుచూసే గడువు) పది మిల్లీసెకన్లయితే జవాబు ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. డ్రైవర్ సెట్టింగుల్లో దాన్ని తగ్గించవచ్చు, లేదా టైమౌట్ పెంచవచ్చు.

మధ్యలో చేరే మూడోవారు

పోర్టును మీ ప్రోగ్రాం ఒక్కటే వాడుతోందా? కొన్ని లినక్స్ వ్యవస్థల్లో మోడెమ్ మేనేజర్ అనే సేవ కొత్త సీరియల్ పోర్ట్ కనబడగానే అది మోడెమ్ అయి ఉంటుందని తెరిచి ఆదేశాలు పంపుతుంది. కేబుల్ పెట్టిన మొదటి కొన్ని సెకన్లు మాత్రమే పరికరం వింతగా ప్రవర్తిస్తుంటే ఆ సేవను ఆపి చూడండి. విండోస్‌లో ఇంకో చిత్రం ఉంది. అడగకుండానే నిరంతరం డేటా పంపే పరికరం కేబుల్ తగిలించి ఉండగా కంప్యూటర్ ఆన్ చేస్తే, విండోస్ దాన్ని సీరియల్ మౌస్ అనుకుంటుంది. తెర మీద బాణం దానంతట అదే గెంతుతుంది, పోర్ట్ తెరుచుకోదు. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల జాబితాకెళ్లి ఆ అదనపు మౌస్‌ను డిసేబుల్ చేస్తే సరిపోతుంది.

ప్రోగ్రాం చదివే తీరు

తీగ, సెట్టింగులు, కన్వర్టర్ సరిగ్గా ఉన్నాయని తేలాక మిగిలేది కోడ్. నా అనుభవంలో ‘అప్పుడప్పుడూ’ వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి.

సీరియల్ పోర్ట్‌కు వాక్యం అనే ఊహ లేదు, బైట్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, అంతే. 9600 బాడ్ వద్ద ఒక అక్షరానికి సుమారు 1.04 మిల్లీసెకన్లు, ఇరవై అక్షరాల జవాబుకు సుమారు 21. అదే 1200 వద్ద దాదాపు 167 మిల్లీసెకన్లు. ఆదేశం పంపి, 100 మిల్లీసెకన్లు ఆగి, ‘ఎన్ని బైట్లు వచ్చాయో అన్నీ ఇవ్వు’ అని చదివే కోడ్ 9600 వద్ద బాగానే ఉంటుంది. పరికరం ఒక్కసారి ఆలస్యంగా బదులిస్తే సగం వాక్యం పట్టుకొస్తుంది. ల్యాబ్‌వ్యూలో బైట్స్ ఎట్ పోర్ట్ మీద ఆధారపడే కోడ్, డాట్‌నెట్‌లో డేటా అందినట్టు ఈవెంట్ రాగానే అదే పూర్తి వాక్యమని నమ్మే కోడ్ ఈ కోవలోవే. ముగింపు అక్షరం వచ్చేదాకా చదవండి. వచ్చిన ముక్కలను మీ సొంత బఫర్‌లో పోగు చేసి, ముగింపు అక్షరం కనిపించినప్పుడే వాక్యాన్ని విడదీయండి.

టైమౌట్‌ను పరికరం స్వభావాన్ని బట్టి పెట్టండి. త్రాసుల్లో రెండు రకాల ఆదేశాలుంటాయి. మెట్లర్ టోలెడో ఆదేశాల్లో ‘ఎస్’ అంటే బరువు స్థిరపడ్డాక పంపు, ‘ఎస్ఐ’ అంటే ఉన్నది ఉన్నట్టు వెంటనే పంపు. ‘ఎస్’ పంపి అర సెకనులో జవాబు ఆశిస్తే, గాలి ఆడని గదిలో పనిచేసిన ప్రోగ్రాం తలుపు తెరవగానే విఫలమవుతుంది. లోపం సీరియల్‌ది కాదు, త్రాసు తన పని తాను చేస్తోంది. పైథాన్‌లో పైసీరియల్ వాడేవారు టైమౌట్ విలువ ఇవ్వకపోతే చదివే పిలుపు శాశ్వతంగా నిలిచిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఇందాకటి పాత జవాబు సంగతి. మీ టైమౌట్ ఒక సెకను. పరికరం 1.2 సెకన్లకు బదులిచ్చింది. ప్రోగ్రాం అప్పటికే ఆశ వదులుకుని రెండో ఆదేశం పంపింది. ఆ ఆదేశానికి జవాబుగా అది చదివేది మొదటి ఆదేశపు జవాబు. మూడో ఆదేశానికి రెండోదాని జవాబు. ఇక ప్రతిదీ ఒక అడుగు వెనక. ఏ ఎర్రరూ రాదు, అంకెలన్నీ నమ్మదగినవే, సమయం మాత్రం తప్పు. ఒకే పరికరాన్ని ఉష్ణోగ్రత, పీడనం మార్చి మార్చి అడుగుతుంటే అవి రెండూ తారుమారవుతాయి. దీనికి మందు మూడు భాగాలు. టైమౌట్ అయిన వెంటనే కొత్త ఆదేశం పంపకుండా, కొంతసేపు ఏ బైటూ రాని నిశ్శబ్దం కుదిరేదాకా వచ్చినవన్నీ చదివి పారేయండి. ప్రతి ఆదేశానికి ముందు ఇన్‌పుట్ బఫర్‌ను ఖాళీ చేయండి, అందులో ఏమైనా దొరికితే నిశ్శబ్దంగా తుడిచేయకుండా లాగ్‌లో రాయండి. పరికరం జవాబులో ఆదేశం పేరును కూడా తిప్పి పంపగలిగితే ఆ సెట్టింగు ఆన్ చేసి, సరిపోల్చుకోండి.

జవాబు ఆకారాన్ని కూడా తనిఖీ చేయండి. పొడవు ఎంత, గుర్తు ఎక్కడ, చుక్క ఎక్కడ, ప్రమాణం ఏది అన్నవి మాన్యువల్‌లో ఉంటాయి. ఆ ఆకారానికి సరిపోని వాక్యం నుంచి అంకెలు ఏరుకుని సంఖ్య తయారుచేయవద్దు. 28.4 ముప్పు తప్పేది ఇక్కడే. చెక్‌సమ్ (తప్పు పట్టేందుకు బైట్ల నుంచి కట్టి జవాబుతో పంపే లెక్క) పంపే వీలుంటే తప్పక వాడండి.

మిగిలినవి క్లుప్తంగా: పోర్టును ఒకసారి తెరిచి చివరిదాకా అలాగే ఉంచండి, ప్రతి రీడింగుకూ తెరిచి మూయవద్దు. తెరిచినప్పుడు డీటీఆర్ లైన్ కదులుతుంది, ఆర్డునో ఊనో వంటి బోర్డులు దానితో రీసెట్ అయి కొద్దిసేపు బదులివ్వవు. ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే రెండు థ్రెడ్లు ఒకే పోర్ట్ మీద రాస్తుంటే ఆదేశం, జవాబు జంటను లాక్‌లో పెట్టండి (ఒకటి ముగిసేదాకా రెండోది ఆగేలా). జవాబు అందాకే తరువాతి ఆదేశం పంపండి.

గ్రౌండ్, నాయిస్

ఆర్‌ఎస్-232లో అన్ని సంకేతాలకూ గ్రౌండ్ తీగ ఒక్కటే ఆధారం. కంప్యూటర్, పరికరం వేర్వేరు సాకెట్ల నుంచి కరెంటు తీసుకుంటుంటే వాటి ఎర్త్‌ల మధ్య తేడా ఈ సన్నని తీగలోంచి పారుతుంది. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. లోపం ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. రెండింటినీ ఒకే పవర్ బోర్డుకు తగిలించండి, అది చాలకపోతే ఐసోలేషన్ (రెండు వైపుల మధ్య విద్యుత్ సంబంధం తెంచే ఏర్పాటు) ఉన్న కన్వర్టర్ వాడండి. లూప్ తెగ్గొట్టడానికి పరికరం ప్లగ్గులోని ఎర్త్ పిన్‌ను మాత్రం ఎన్నడూ తీయవద్దు. అది మనిషి ప్రాణాన్ని కాపాడే తీగ, ఏ రీడింగూ దానికి సాటిరాదు.

సెంట్రిఫ్యూజ్, కంప్రెసర్, హీటర్ రిలే ఆన్ అయిన సమయాలను మీ లాగ్‌లోని లోపాల సమయాలతో పోల్చండి. కలిస్తే సీరియల్ కేబుల్‌ను విద్యుత్ తీగల పక్క నుంచి దూరంగా జరపండి, షీల్డ్ ఉన్న కేబుల్‌కు మారండి. ఆర్‌ఎస్-485 వాడేవారు బస్సు (పరికరాలన్నీ పంచుకునే తీగల జత) రెండు చివర్లా, ఆ రెండు చోట్ల మాత్రమే, 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయో లేదో చూడాలి. దాని రెండు డేటా తీగల ఏ, బీ పేర్లను తయారీదారులు తలోరకంగా రాస్తారు కాబట్టి జవాబే రాకపోతే ఆ రెండు తీగలనూ మార్చి చూడటంలో తప్పులేదు.

బాగైందని ఎప్పుడు నమ్మాలి?

లోపం గంటకోసారి వచ్చేదైతే పది నిమిషాల పరీక్ష దేనికీ రుజువు కాదు. లోపం వచ్చే సగటు వ్యవధికి కనీసం పది రెట్ల సమయం నడపండి, మోటార్లు, హీటర్లు మామూలుగా నడిచే పగటిపూటే. పంపిన ఆదేశాలు, సరైన జవాబులు, టైమౌట్లు, ఆకారం సరిపోని వాక్యాలు ఎన్నెన్నో ప్రోగ్రామే లెక్కపెట్టాలి. ఆ తర్వాత మీరు చేసిన చివరి మార్పును వెనక్కి తీసి చూడండి. లోపం తిరిగి వస్తే దొరికింది అసలు కారణమే. రాకపోతే మరేదో కదిలింది, అది మళ్లీ కదలవచ్చు, కాబట్టి నోటుబుక్కులో వెనక్కి వెళ్లి ముందటి మార్పులను ఒక్కొక్కటిగా అలాగే పరీక్షించండి.

కారణం ఖాయమయ్యాక బాడ్ రేటు, డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్లు, హ్యాండ్‌షేక్, ముగింపు అక్షరం, కేబుల్ నేరుదా తారుమారుదా అన్నది ఒక చీటీ మీద రాసి పరికరం వెనుక అతికించండి, కేబుల్‌కూ అదే గుర్తు కట్టండి. ఎవరైనా పరికరాన్ని ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్చినా, బ్యాకప్ బ్యాటరీ అయిపోయి అది తన సెట్టింగులు మరిచిపోయినా, తర్వాత వచ్చేవారు ఆ చీటీ చూసి అయిదు నిమిషాల్లో మళ్లీ పని మొదలుపెట్టగలుగుతారు.